పాడిపశువు – సంతధర – రాయితీ

తెలుగులో 'సొమ్ము' అనే మాటకు ధనమనీ, ఆభరణమనీ అర్థాలు అందరికీ తెలిసినవే. ఆ మాటకు పశువు అనే అర్థం కూడా ఉన్నది. పల్లెలలో 'సొమ్ములు మేతకు వెళ్లాయి' అంటే ఆవులు, గేదెలు బయలుకు వెళ్లాయని అర్థం. ఇది మన భాషకు మాత్రమే చెందిన విశేషం కాదు. లాటిన్ భాషలో పశువును 'పెకుస్' అన్నారు. ధనాన్ని తెలిపే 'పెకూనియా' అనే మాట దానికి చుట్టం. ఆంగ్లంలో పశువులను తెలిపే 'కాటిల్', మూలధనాన్ని తెలిపే 'కాపిటల్' ఒక తల్లి బిడ్డలే. సంస్కృతంలో 'గోధనం' అనే సమాసం ఉండనే ఉన్నది. మహాభారతంలో విరాటరాజును దెబ్బతీయదలచిన సుశర్మ, కౌరవులు అతని ధనాగారం మీదికి పోలేదు. ఆలమందల మీదికి వెళ్లారు. తిక్కన సోమయాజి తన భారత రచనకు ఆరంభంగా ఎన్నుకొన్న విరాటపర్వంలో ఆ గోగ్రహణాలు ప్రధాన ఘట్టాలు.

పశువు ధనమే అయినప్పుడు, ఆ ధనానికి విలువ కట్టేది ఎవరు? బంగారానికి ప్రతిదినం పత్రికలో ధర వస్తుంది. వరికి కేంద్ర ప్రభుత్వం ఏటా కనీస మద్దతు ధర ప్రకటిస్తుంది. ఆవుకు గాని, గేదెకు గాని, మేకకు గాని అటువంటి మద్దతు ధర లేదు. దాని విలువను సంత నిర్ణయిస్తుంది. మరొకవైపు ప్రభుత్వాలు పశువుల కొనుగోలుకు, మేతకు, బీమాకు, పాకలకు రాయితీలు ఇస్తున్నాయి. సంత ధర, సర్కారు రాయితీ – ఈ రెంటినీ వేరువేరుగా చూడడం మనకు అలవాటు. కాని పశుపోషకుని ఇంటిలో ఇవి రెండూ ఒకే లెక్కలోకి వస్తాయి. ఆ లెక్క ఎలా నడుస్తుందో శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాలను ఉదాహరణగా తీసుకొని పరిశీలిద్దాం.

సముద్రతీరం వెంబడి వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి మండలాలలో విస్తరించిన పచ్చని నేలకు ఉద్దానమని పేరు. 'ఉద్యానవనం' అన్న మాటే వాడుకలో ఇట్లా మారిందని చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస ఇక్కడి ప్రధానమైన తోటలు. జీడిపప్పు పరిశ్రమకు పలాస పేరుపొందింది. తోటల సీమ కావడం వలన ఇక్కడ విశాలమైన పచ్చిక బయళ్లు తక్కువ. చిన్న కమతాల రైతులు తోటలో ఒకటి రెండు ఆవులనో గేదెలనో, కొన్ని మేకలనో పెంచుకొంటారు. తోట ఏడాదికి ఒకసారి రెండుసార్లు ఆదాయమిస్తే, పాడి దినదినం చేతికి డబ్బు అందిస్తుంది. కనుక తోట పెద్ద ఆస్తి, పశువు చేతి ఖర్చు అన్నట్లుగా ఇక్కడి సంసారాలు సాగుతాయి.

ఈ ఏర్పాటు ఎంత సున్నితమైనదో 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తెలిసివచ్చింది. ఆనాడు తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటింది. తరతరాలుగా పెరిగిన కొబ్బరిచెట్లు, జీడితోటలు గంటల వ్యవధిలో నేలకొరిగాయి. కొత్తగా నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావడానికి అయిదు నుండి ఏడు సంవత్సరాలు పడుతుంది. అంతవరకు ఇల్లు గడిచేదెట్లా? కూలిన చెట్టును సంతకు తోలుకొనిపోలేము. ప్రాణాలతో మిగిలిన పశువును తోలుకొనిపోగలము. పశువు యొక్క బలమూ, బలహీనతా రెండూ ఇందులోనే ఉన్నాయి. కావలసిన దినాన అమ్ముడుపోయే ఆస్తి కనుకనే, ధర బాగులేని దినాన కూడా అదే మొదట అమ్ముడుపోతుంది.

టెక్కలికి చేరువలో కోటబొమ్మాళి మండలంలోని నారాయణవలస పశువుల సంత ఈ ప్రాంతంలో ప్రసిద్ధమైనది. అటువంటి సంతలో ఒక గేదె ధర ఎట్లా తేలుతుందో చూద్దాం. కొనేవాడు ముందుగా నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. పశువులకు పాలపళ్లు పోయి, ముందరి శాశ్వత దంతాలు జతలుజతలుగా వస్తాయి. ఆవులలో సుమారు రెండున్నరేళ్లకు రెండు పళ్లు, అయిదేళ్ల ప్రాంతానికి ఎనిమిది పళ్లు నిండుతాయి. గేదెలలో ఈ క్రమం కొంత ఆలస్యం. జన్మపత్రిక లేని ప్రాణికి పళ్లే జన్మపత్రిక. తరువాత ఎన్నవ ఈత, దూడ పెయ్యా దున్నా, ప్రస్తుతం పాడిలో ఉన్నదా, చూడిలో ఉన్నదా, వట్టిపోయిందా అని విచారిస్తారు. పొదుగు, పాలనరం పరీక్షిస్తారు. కొందరు ఒంటిమీది సుడులను కూడా లెక్కపెడతారు. సుడికి, పాలకు ఏ సంబంధమూ లేదు. అయినా చెడ్డసుడి అన్న ఒక్కమాటతో మంచి గేదె ధర తగ్గిపోవడం సంతలో కద్దు. నమ్మకం అబద్ధమైనా, దానివల్ల తగ్గిన రూపాయలు మాత్రం నిజమైనవే.

అమ్మేవారి వైపు కూడా ఉపాయాలు లేకపోలేదు. సంతకు తెచ్చే ముందు ఒకపూట పాలు పిండకుండా ఉంచితే పొదుగు నిండుగా కనిపిస్తుంది. కొమ్ములు అరగదీసి నూనె రాస్తే వయస్సు దాగుతుంది. అందుచేతనే తెలిసినవారు సంతలో ఒక్కపూట పాలు చూసి బేరం చేయరు. వరుసగా రెండు మూడు పూటలు ఎదుట పిండించి చూస్తారు.

ఇక బేరం. చాలా సంతలలో అమ్మేవారికి, కొనేవారికి నడుమ దళారి ఉంటాడు. ఇద్దరి చేతులపై తువ్వాలు కప్పి, దాని చాటున వేళ్లు నొక్కి ధర చెప్పుకొనే పద్ధతి ఒకటి ఉన్నది. పక్కన నిలుచున్నవానికి ఆ అంకె తెలియదు. కొన్ని సందర్భాలలో అమ్మినవానికి కూడా కొన్నవాడు ఎంత ఇచ్చాడో పూర్తిగా తెలియదు. జీడిపిక్కల విషయం ఇట్లా ఉండదు. 80 కిలోల బస్తా ధర ఎంతో ఉద్దానమంతటా ఒకే రోజున తెలుస్తుంది. అందుకే 2023లో ఇక్కడి జీడిరైతులు బస్తాకు 16,000 రూపాయలు కావాలని ఒకే గొంతుతో అడుగగలిగారు. పశువుకు బస్తా లేదు, తూకం లేదు, రకం లేదు. ప్రతి పశువూ ఒక ప్రత్యేకమైన సరుకు. ఉమ్మడిగా అడగడానికి ఒక అంకె లేకపోవడమే పశుపోషకుని మొదటి కష్టమని నా అభిప్రాయం. దళారులందరూ మోసగాళ్లని దీని అర్థం కాదు. దూరపు కొనుగోలుదారుని తెచ్చి నిలబెట్టేదీ, చెల్లింపుకు పూచీపడేదీ వారే. కాని ధర తెలిసినవాడు ఒకడు, తెలియనివాడు ఒకడు అయినప్పుడు బేరం సమానంగా జరగదు.

తెలుగులో 'పాడి' అనే మాటకు పాలిచ్చే గుణమని ఒక అర్థం, న్యాయమని మరొక అర్థం. 'ఇది నీకు పాడి కాదు' అంటాం. ఈ రెండు అర్థాలు ఒకేచోట కలిసిన సంత అరుదు.

మేకలు, గొర్రెల వంటి జీవాల విషయంలో తూకం అసాధ్యమేమీ కాదు. ఒడిశాలోని గంజాం జిల్లా ఈ సీమకు సరిహద్దు. అక్కడ గొల్లలు పెంచే గంజాం మేక గుర్తింపు పొందిన జాతి. ఇటువంటి జీవాలను తరచుగా ఉక్కగుత్తగా, అంటే కంటి అంచనాతో మందకు ఇంత అని అమ్ముతారు. కాటా లేనిచోట కూడా బరువును అంచనా వేసే పద్ధతి ఒకటి ఉన్నది. ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను, భుజం మొన నుండి పిరుదు ఎముక వరకు పొడవును సెంటీమీటర్లలో కొలవాలి. చుట్టుకొలతను దానితోనే హెచ్చవేసి, పొడవుతో మళ్లీ హెచ్చవేసి, వచ్చిన దానిని 10,840తో భాగించాలి. ఒక మేకకు చుట్టుకొలత 70 సెంటీమీటర్లు, పొడవు 60 సెంటీమీటర్లు ఉన్నవనుకొందాం. 70ని 70తో హెచ్చవేస్తే 4,900. దానిని 60తో హెచ్చవేస్తే 2,94,000. భాగించగా సుమారు 27 కిలోలు వస్తుంది. మేక బరువులో దాదాపు సగం వరకు మాంసంగా లభిస్తుంది కనుక, 12 లేక 13 కిలోలు అనుకోవచ్చు. కిలో మాంసం 800 రూపాయలు పలికే ఊరిలో ఆ మాంసం విలువ పదివేల రూపాయల దాపున ఉంటుంది. కసాయి లాభం, కూలి, రవాణా తీసివేసినా, ఆ మేకను ఐదువేలకు అడిగినవానితో రైతు ఎందుకు తలూపకూడదో ఈ లెక్క చెబుతుంది. ఇది అంచనాయే, కాటాకు బదులు కాదు. అయినా కంటి అంచనాను కొలమానంతో ఎదుర్కోవడానికి ఒక టేపు, ఒక కాగితం చాలు.

పాడిపశువు విలువ అది ఇచ్చే పాల విలువను అనుసరించి ఉంటుంది. పాలకేంద్రాలలో ధర వెన్న శాతాన్ని బట్టి కడతారు. కిలో వెన్నకు 800 రూపాయలు అనుకొంటే, ఆరు శాతం వెన్న ఉన్న కిలో పాలకు 48 రూపాయలు, ఏడు శాతమైతే 56 రూపాయలు. రోజుకు పది కిలోల పాలు పోసే ఇంటికి ఆ ఒక్క శాతం తేడా 80 రూపాయలు. పాలకేంద్రంలో ఇచ్చే చీటీలను దాచిపెట్టినవారికి ఒక లాభం ఉన్నది: గేదెను అమ్మే రోజున దాని పాలు, వెన్న ఎంతో నోటిమాటగా కాక కాగితంగా చూపవచ్చు. ఇది చాలామందికి తోచని సంగతి.

ధరకు కాలం కూడా కారణమే. ఏరువాకకు ముందు దుక్కిటెద్దుకు గిరాకీ. దసరా, సంక్రాంతి, బక్రీదు పండుగలకు, గ్రామదేవతల జాతరలకు ముందు మేకపోతులకు, పొట్టేళ్లకు ధర పెరుగుతుంది. ఎండాకాలంలో మేత తరిగి, నీరు తరిగి, అమ్మేవారు ఎక్కువై ధర పడిపోతుంది. ట్రాక్టరు వచ్చిన తరువాత కోడెదూడ విలువ బాగా తగ్గింది. 2019లో జరిగిన 20వ పశుగణనలో దేశంలోని ఆడ గోసంతతి 14.51 కోట్లుగా తేలింది. 2012తో పోలిస్తే 18 శాతం పెరిగింది. మగ గోసంతతి అంతకంటె వేగంగా తగ్గిపోయింది.

చట్టం కూడా ధరను కదిలిస్తుంది. రాష్ట్రంలో గోవధను నిషేధించి, ఇతర పశువుల వధను నియంత్రించే చట్టం 1977 నుండి ఉన్నది. 2017 మే 23న కేంద్ర ప్రభుత్వం పశువుల సంతల నియంత్రణకు నియమావళి ప్రకటించింది. సంతలో వధ కోసం పశువులను అమ్మరాదని అందులో నిర్దేశించారు. మే 30న మద్రాసు హైకోర్టు మధురై ధర్మాసనం దానిపై నిలుపుదల ఉత్తర్వు ఇచ్చింది. జూలై 11న సుప్రీంకోర్టు ఆ నిలుపుదలను దేశమంతటికీ వర్తింపజేసింది. ఇందలి ధార్మిక చర్చ ఈ పాఠానికి వెలుపలిది. ఆర్థికాంశం మాత్రం గ్రహింపదగినది. వట్టిపోయిన పశువుకు చివరకు వచ్చే ధర, పాడిపశువును కొనే రోజుననే లెక్కలో చేరి ఉంటుంది. ఆ చివరి ధర సందిగ్ధమైతే మొదటి ధర కూడా తగ్గుతుంది. ముసలి పశువు పోషణభారం చిన్నరైతు నెత్తిన పడుతుంది.

వీటన్నిటికంటె బలమైనది అవసరం. ఉద్దానంలో దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధి ప్రబలి ఉన్నది. 2023 డిసెంబరు 14న పలాసలో ఆ వ్యాధికై 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వైద్యం దగ్గరకు వచ్చినా, రోగి ఇంటిలో కూలి పోవడం, ప్రయాణాలు, మందుల ఖర్చు ఆగవు. 'రేపు ఆసుపత్రికి పోవాలి' అన్న మనిషి సంతలో వచ్చే వారం వరకు ఆగలేడు. కొనేవాడు పళ్లకంటె ముందుగా అమ్మేవాని ముఖం చదువుతాడు. ఆగగలిగినవాడు అమ్మిన ధరకు, ఆగలేనివాడు అమ్మిన ధరకు ఉన్న తేడాయే పశుపోషకుడు నష్టపోయే అసలు సొమ్ము. దీనిని దృష్టిలో ఉంచుకొని ప్రభుత్వ రాయితీలను పరీక్షించాలి.

రాయితీలలో అందరికీ కనిపించేది కొనుగోలు రాయితీ. ఒక పశువుకో, కొన్ని జీవాలకో 'యూనిట్' అని పేరుపెట్టి, దాని విలువను ముందుగా నిర్ణయించి, అందులో కొంత శాతం ప్రభుత్వం భరిస్తుంది. దీని నడకను ఒక ఊహాజనితమైన ఉదాహరణతో చూద్దాం. గేదె ధర 60,000 రూపాయలు. ప్రభుత్వం సగం, అంటే 30,000 ఇస్తుంది. ఒక మండలంలో వందమందికి పథకం మంజూరైంది. ఆర్థిక సంవత్సరం మార్చి నెలతో ముగుస్తుంది కనుక వందమందీ ఒకే నెలలో కొనాలి. గేదెలు మాత్రం నెలలో పెరగవు. ఈనిన గేదెలు ఎన్ని ఉన్నవో అన్నే. అమ్మేవారు 75,000 అంటారు. రైతు తనవంతుగా 45,000 కట్టవలసివస్తుంది. రాయితీ 30,000 అని కాగితం మీద ఉన్నా, అందులో 15,000 ధర పెరుగుదల రూపంలో అమ్మినవాని చేతికి పోయింది. పైగా మార్చిలో కొన్న గేదెను మేత కరువైన ఏప్రిల్, మే నెలలలో మేపాలి. అప్పు వాయిదా కట్టలేక ఆ గేదెనే తక్కువకు అమ్మితే, ఆ వట్టి చేతులకు అప్పు ఒక్కటే మిగులుతుంది.

ఇది కేవలం ఊహ కాదనడానికి పొరుగు రాష్ట్రంలో నిదర్శనం ఉన్నది. తెలంగాణలో 2017 జూన్ 20న గొర్రెల పంపిణీ పథకం ప్రారంభమైంది. 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిసి ఒక యూనిట్. విలువ 1,25,000 రూపాయలు. అందులో 75 శాతం రాయితీ, లబ్ధిదారు వాటా 31,250. జీవాలను ఆంధ్రప్రదేశ్ తదితర పొరుగు రాష్ట్రాల నుండి కొన్నారు. 2021లో యూనిట్ విలువను 1,75,000కు పెంచారు. లబ్ధిదారు వాటా 43,750 అయింది. నాలుగేళ్లలో 40 శాతం పెరుగుదల అన్నమాట. ఇదంతా పథకం వల్లనే అనడం తొందరపాటు. మాంసం ధరలూ పెరిగాయి, రవాణా ఖర్చులూ పెరిగాయి. అయినా ఒకేసారి లక్షల జీవాలకు ప్రభుత్వమే గిరాకీ సృష్టిస్తే సంత ఊరకుండదు. 2024లో శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక ఈ పథకంలోని అక్రమాలను బయటపెట్టింది. గొర్రెలను తరలించినట్లు చూపిన వాహనాల సంఖ్యలలో కొన్ని ద్విచక్ర వాహనాలవని తేలడం అందులోని ఒక విడ్డూరం. కొన్నవే మళ్లీ కొన్నట్లు చూపడాన్ని 'రీసైక్లింగ్' అంటారు. ఒకే గొర్రె ఇద్దరు లబ్ధిదారుల ఫొటోలలో నిలబడుతుంది.

ప్రపంచంలో దీనికి మరొక రూపం న్యూజిలాండు. అక్కడ ప్రభుత్వం గొర్రెల పెంపకందార్లకు ధరలో లోటును భర్తీచేసేది. 1982 నాటికి గొర్రెల సంఖ్య ఏడుకోట్లకు చేరింది. 1984 తరువాత రాయితీలను తొలగించారు. నేడు గొర్రెలు మూడు కోట్లకు లోబడి ఉన్నాయి. రాయితీ దేనికి ఇస్తే అది పెరుగుతుంది. కనుక దేనికి ఇవ్వాలన్నది ముఖ్యం.

కొనుగోలు రాయితీలోనే కొంత జాగ్రత్త కలిగిన పద్ధతి ఒకటి వచ్చింది. 2010లో నాబార్డు ద్వారా అమలైన పాడిపరిశ్రమ ఔత్సాహికుల పథకంలో సాధారణ వర్గాలకు 25 శాతం, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 33.33 శాతం రాయితీ నిర్ణయించారు. ఈ మొత్తం రైతు చేతికి రాదు. బ్యాంకులో అతని పేర ప్రత్యేక ఖాతాలో నిలిచి ఉండి, అప్పు సక్రమంగా తీర్చినప్పుడు చివరి వాయిదాలలో సర్దుబాటు అవుతుంది. ఆ పథకం ఇప్పుడు లేదు. అయినా ఈ 'చివరి సర్దుబాటు' అన్న సూత్రాన్ని విద్యార్థులు తెలుసుకోవాలి. దరఖాస్తు పెట్టే చాలామంది రాయితీ సొమ్ము ముందుగా చేతికి వస్తుందనుకొని పొరబడతారు.

ఉద్దానం వంటి సీమకు కొనుగోలు రాయితీ కంటె ఆగగలిగే శక్తినిచ్చే సహాయాలే ఎక్కువ మేలు చేస్తాయని నా విశ్వాసం. అవి చప్పుడు లేనివి. వాటికి ప్రారంభోత్సవాలు, దండలు ఉండవు. మొదటిది నిర్వహణ అప్పు. పంటరైతులకు పరిమితమైన కిసాన్ క్రెడిట్ కార్డును 2018-19లో పశుపోషకులకు, మత్స్యకారులకు విస్తరింపజేశారు. పశువు కొనడానికి కాదు, మేపడానికి ఈ అప్పు. రెండు లక్షల వరకు ఏడు శాతం వడ్డీ. గడువులోగా చెల్లించినవారికి మరో మూడు శాతం తగ్గి, నాలుగు శాతమే పడేలా ఏర్పాటు చేశారు. తనఖా లేకుండా ఇచ్చే పరిమితి 1,60,000 రూపాయలుగా ఉండేది. 2025 జనవరి 1 నుండి రెండు లక్షలు. ఇప్పుడు లెక్క చూడండి. 50,000 రూపాయలకు నాలుగు శాతం చొప్పున ఏడాదికి వడ్డీ 2,000. ఊరిలో నూటికి మూడు రూపాయల నెలవడ్డీకి తెస్తే ఏడాదికి 18,000. ఈ 16,000 తేడా చిన్నది కాదు. అంతకంటె ముఖ్యం, వ్యాపారి వద్ద ముందుగా డబ్బు తీసుకొన్నవాడు జీవాలను అతనికే, అతడు చెప్పిన ధరకే అమ్మవలసివస్తుంది. బ్యాంకు అప్పు ఉన్నవాడు సంతకు స్వతంత్రుడై వెళతాడు.

రెండవది మేత. ఎండాకాలంలో అమ్మకుండా నిలబడాలంటే శాలలో గడ్డి ఉండాలి. కొబ్బరితోటల నీడలో గినీగడ్డి, హైబ్రిడ్ నేపియర్ రకాలు పెంచవచ్చును. వరిగడ్డిని ముక్కలుగా కోసి, కొబ్బరి తెలగపిండి, తవుడు తగుమాత్రం కలిపి పెడితే వృథా తగ్గుతుంది. పశుగ్రాస విత్తనాలకు, గడ్డికోత యంత్రాలకు రాయితీ వచ్చిన సంవత్సరాలలో దానిని వదులుకోరాదు. శాలల నిర్మాణానికి 2024-25లో రాష్ట్ర ప్రభుత్వం ఉపాధిహామీ పథకంతో ముడిపెట్టి గోకులాలను చేపట్టింది; పశువుల శాలలకు 90 శాతం రాయితీ ఇచ్చింది. తుపానుల సీమలో గట్టి కప్పు ఉన్న శాల పశువుకే గాక గడ్డికి కూడా రక్షణ.

మూడవది ఆరోగ్యం. గాలికుంటు వ్యాధి సోకిన గేదె బ్రతికినా పాలు తగ్గుతాయి. పాలు తగ్గితే ధర తగ్గుతుంది. ఆ వ్యాధిని అరికట్టడానికి 2019 సెప్టెంబరులో కేంద్రం దేశవ్యాప్త టీకాల కార్యక్రమం చేపట్టింది. అదే సంవత్సరం మన దేశంలో ముద్దచర్మవ్యాధిని తొలిసారి ఒడిశాలో గుర్తించారు. ఒడిశా సరిహద్దు కలిగిన ఈ జిల్లాకు అది దూరపు వార్త కాదు. రోగం వచ్చినప్పుడు సంతలను మూసివేస్తారు. సంత మూసిన నెలలో అవసరం వచ్చినవాడు ఇంటి వాకిట ఎవరెంత అడిగితే అంతకు అమ్ముతాడు. ఒక్క టీకా వెనుక ఇంత గొలుసు ఉన్నది. రాష్ట్రంలో 2022 మే నెల నుండి 1962 నంబరుకు పిలుపు చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు ఏర్పడ్డాయి.

చివరిది బీమా, విపత్తు సహాయం. 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం పశుబీమా ప్రీమియంలో రైతు వాటాను 15 శాతానికి తగ్గించింది. ప్రీమియం వెయ్యి రూపాయలైతే రైతు కట్టేది 150 మాత్రమే. ప్రకృతి విపత్తులలో పశువులు చనిపోతే విపత్తు నిధి నుండి సహాయం లభిస్తుంది. 2022-23 నుండి 2025-26 వరకు నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం ఆవుకు లేక గేదెకు 37,500, దుక్కిటెద్దుకు 32,000, దూడకు 20,000, మేకకు గాని గొర్రెకు గాని 4,000 రూపాయలు. ఒక కుటుంబానికి పెద్ద పాడిపశువులైతే మూడు, చిన్న జీవాలైతే 30 వరకే ఇది వర్తిస్తుంది. ఇందాక లెక్కకట్టిన 27 కిలోల మేకను ఈ 4,000తో పోల్చి చూస్తే, సహాయానికి, నష్టపరిహారానికి ఉన్న అంతరం తెలుస్తుంది. ప్రభుత్వం ఇచ్చేది నష్టంలో ఒక భాగమే. మిగిలిన భాగాన్ని బీమాయే పూరించాలి.

ఈ రెండు సహాయాలూ కాగితం మీద ఆధారపడినవి. ఇక్కడనే చదువుకొన్న పిల్లల పని ఆరంభమవుతుంది. పశువు చెవికి వేసే పోగుపై 12 అంకెల సంఖ్య ఉంటుంది. దానిని ఇంటిలోని పుస్తకంలో, వేసిన తేదీతో సహా రాసి ఉంచాలి. పోగు ఊడిపోతే వెంటనే పశువైద్యశాలలో తెలిపి కొత్తది వేయించి, ఆ సంఖ్యను బీమా పత్రంలో మార్పించాలి. పోగు లేనిదే బీమా సొమ్ము రాదన్నది ఈ వ్యవహారంలో గట్టి నియమం. పశువును అమ్మినప్పుడు, కొన్నప్పుడు యజమాని పేరు మార్పించాలి. పశువు చనిపోతే తొందరపడి పూడ్చివేయరాదు. పోగు స్పష్టంగా కనిపించేటట్లు ఫొటో తీసి, పశువైద్యునికి, బీమా సంస్థకు తెలియజేసి, శవపరీక్ష నివేదిక తీసుకోవాలి. తుపాను వేళ అయితే గ్రామంలో జరిగే నష్ట నమోదులో పేరు, పశువుల సంఖ్య సరిగా రాశారో లేదో జాబితాలో చూసుకోవాలి. పూడ్చేముందు పోగును చెవినుండి వేరుచేసి భద్రపరచి, పరిహార దరఖాస్తుతో జతచేయాలి.